శంషాబాద్‌లో దిగాల్సిన విమానం బెంగళూరుకు ఎందుకు వెళ్తుంది? పైలట్ లెక్కలేంటి, ప్రయాణికుడికి దక్కేదేంటి?

మీ తమ్ముడు రెండేళ్ల తర్వాత దుబాయ్ నుంచి వస్తున్నాడు. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం దిగాలి. కోరుట్లలో రాత్రి 10కే కారు మాట్లాడుకుని, పిల్లలను కూడా ఎక్కించుకుని బయలుదేరారు. తీరా అరైవల్స్ గేటు దగ్గర నిలబడ్డాక ఫోన్‌లో ఒకే ఒక్క మాట: 'డైవర్టెడ్'. విమానం బెంగళూరులో దిగింది. ఎందుకో ఎవరూ చెప్పరు. తమ్ముడి ఫోన్ కలవదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇంటికి ఇలాంటి రాత్రి కొత్తేమీ కాదు. ఒకప్పుడు బస్సులో బొంబాయి వెళ్లి విమానం ఎక్కేవాళ్లు. ఇప్పుడు శంషాబాద్ నుంచే దుబాయ్, దోహా, మస్కట్, జెడ్డా వెళ్తున్నారు. అమెరికా, లండన్ వెళ్లే విద్యార్థులదీ ఇదే దారి. కానీ విమానం ఆలస్యమైనా, దారి మళ్లినా, సామాను రాకపోయినా కారణం తెలియక కౌంటర్ దగ్గర గొడవలు పడుతుంటాం. ఆ కారణాల్లో చాలావరకు కాక్‌పిట్‌లో వేసే లెక్కల్లోనే ఉంటాయి. అవేంటో, వాటి తర్వాత మీకు ఏం దక్కుతుందో చూద్దాం.

దుబాయ్ ఫ్లైట్ 'లాంగ్ హాల్' కిందకు వస్తుందా?

కచ్చితంగా చెప్పాలంటే రాదు. సాధారణంగా ఆరు గంటలు దాటిన ప్రయాణాన్నే లాంగ్ హాల్ అంటారు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు నాలుగు గంటలు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాలైతే లాంగ్ హాలే. అయితే ఇంధనం, దారి, వాతావరణం, పైలట్ డ్యూటీ గంటలు అనే నాలుగు లెక్కలూ రెండింటికీ ఒకటే. దూరం పెరిగేకొద్దీ పొరపాటుకు అవకాశం తగ్గుతుంది, అంతే తేడా.

విమానంలో ఇంధనం ఎంత పోస్తారు?

ప్రయాణికులు చెక్-ఇన్ లైన్‌లో ఉండగానే పైలట్ల ముందుకు ఫ్లైట్ ప్లాన్ వస్తుంది. దాన్ని ఎయిర్‌లైన్ డిస్పాచ్ విభాగం తయారు చేస్తుంది. అందులో ఇంధనాన్ని పద్దుల వారీగా రాస్తారు.

మొదటిది, రన్‌వే దాకా నడవడానికి. రెండోది, గమ్యం చేరడానికి. మూడోది, గాలి అంచనా తప్పినా, ఎత్తు మారినా సర్దుకోవడానికి. ఇది సాధారణంగా ప్రయాణ ఇంధనంలో 5 శాతం. నాలుగోది, గమ్యంలో దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి. అయిదోది, ఏది ఏమైనా ముట్టుకోకూడని చివరి నిల్వ. జెట్ విమానానికి ఇది 30 నిమిషాలు గాల్లో తిరగడానికి సరిపడా ఉండాలి. వీటన్నింటిపైన, అవసరమనిపిస్తే కెప్టెన్ మరికొంత అడగవచ్చు.

నాలుగో పద్దును గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ వచ్చే విమానానికి బెంగళూరు, చెన్నై, నాగ్‌పుర్, ముంబయి లాంటి వాటిలో ఒకదాన్ని ముందే ప్రత్యామ్నాయంగా రాసుకుంటారు. అంటే మీ తమ్ముడి విమానం బెంగళూరుకు వెళ్లిందంటే దారి తప్పినట్లు కాదు. దుబాయ్‌లో బయలుదేరక ముందే కాగితం మీద ఉన్న రెండో దారిలో వెళ్లింది.

మరి ట్యాంకు నిండా పోయించుకోవచ్చు కదా?

కారైతే అలాగే చేస్తాం. విమానంలో ఇంధనం కూడా బరువే. గల్ఫ్ రూట్లో ఎక్కువగా కనిపించే ఏ320 రకం విమానం గంటకు సుమారు రెండున్నర టన్నులు కాలుస్తుంది. అదనంగా ఒక టన్ను వేసుకుంటే, నాలుగు గంటల్లో అందులో సుమారు పదో వంతు దాన్ని మోయడానికే ఖర్చవుతుంది. టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు గరిష్ఠ బరువు పరిమితులు కూడా ఉంటాయి. ఇంధనం పెరిగితే మనుషులో సామానో తగ్గాలి.

అలాగని తక్కువ పోస్తే ఏమవుతుందో పైలట్లకు తెలియంది కాదు. 2025 జూన్ 19న గువాహటి నుంచి చెన్నై వెళ్లిన ఇండిగో విమానం అక్కడ దిగలేక బెంగళూరుకు మళ్లింది. దారిలో పైలట్ ఇంధనం విషయమై 'మేడే' ప్రకటించారు. ఆ మాట వినగానే విమానం కూలిపోబోతోందని భయపడతాం. నిజానికి ముట్టుకోకూడని ఆ 30 నిమిషాల నిల్వను వాడాల్సి వచ్చేలా ఉందని తెలిసినప్పుడే అలా చెప్పాలని నిబంధన. దాంతో కంట్రోలర్లు మిగతా విమానాలను ఆపి దీనికి దారి ఇస్తారు. ఆ విమానం క్షేమంగా దిగింది.

మీ సామాను మాత్రం ఎందుకు ఆగిపోతుంది?

మనిషి వచ్చాడు, పెట్టె రాలేదు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ట్రాన్సిట్‌లో తప్పిపోవడం ఒక కారణమైతే, బరువు లెక్క మరొకటి. వేడి గాలి పలచగా ఉంటుంది. పలచని గాలిలో ఇంజిన్ తోపూ తగ్గుతుంది, రెక్కలు మోసే బలమూ తగ్గుతుంది. ఎండాకాలం గల్ఫ్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన వేళ అదే విమానం అదే రన్‌వే నుంచి తక్కువ బరువుతోనే లేవగలుగుతుంది. శంషాబాద్ సైతం సముద్రమట్టానికి 2 వేల అడుగుల పైనే ఉంది కాబట్టి మే నెల మధ్యాహ్నం ఇక్కడా ఇదే లెక్క.

ఎదురుగాలి ఇంకో చిక్కు. చలికాలంలో మన ఆకాశంలో పై ఎత్తుల్లో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. అందుకే దుబాయ్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ప్రయాణం త్వరగా అయిపోతుంది, వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది. ఎదురుగాలి బలంగా ఉన్న రోజు ఇంధనం ఎక్కువ కావాలి. పరిమితి దాటితే ముందు ఆపేది కార్గోను, తర్వాత బ్యాగులను. ఇంధనం విషయంలో మాత్రం రాజీ ఉండదు.

విమానం ఏ దారిన వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు?

హైదరాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లే విమానాలు ఎక్కువగా ముంబయి వైపు వెళ్లి అరేబియా సముద్రం దాటి ఒమన్ గగనతలంలోకి చేరతాయి. దారులు ముందే గీసి ఉంటాయి. ఏ దారి తెరిచి ఉందన్నది మాత్రం రాజకీయాల చేతిలో ఉంటుంది.

పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఏప్రిల్ 30న మనదేశమూ అదే పని చేసింది. దిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే భారతీయ విమానాలకు దారి పొడవైంది. కొన్ని అమెరికా విమానాలు ఇంధనం కోసం మధ్యలో ఆగాల్సి వచ్చింది. దక్షిణాది నుంచి గల్ఫ్ వెళ్లే దారిపై దీని ప్రభావం తక్కువ.

మనవాళ్లకు నేరుగా తగిలిన దెబ్బ అదే ఏడాది జూన్ 23న. ఖతార్‌లోని అల్ ఉదెయిద్ స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన సాయంత్రం ఖతార్ గగనతలం మూతపడింది. మరికొన్ని గల్ఫ్ దేశాలూ కాసేపు మూసేశాయి. అప్పటికే గాల్లో ఉన్న విమానాలు వెనుదిరిగాయి, కొన్ని వేరే ఊళ్లలో దిగాయి. అలాంటి వేళ పైలట్ ముందున్న ప్రశ్న ఒక్కటే: ఉన్న ఇంధనంతో ఎక్కడ దిగగలను? ఆ విమానాశ్రయంలో నాలాంటి మరో యాభై విమానాలకు చోటుందా?

సముద్రం మీద ఉండగా ఇబ్బంది వస్తే?

మస్కట్, ముంబయి మధ్య సుమారు 1,500 కిలోమీటర్లకు పైగా నీళ్లే. ఆ మధ్యలో ఒక బిందువును ముందే లెక్కగడతారు. అక్కడి నుంచి ముందుకు వెళ్లినా, వెనక్కి తిరిగినా ఒకే సమయం పడుతుంది. దాన్ని 'ఈక్వల్ టైమ్ పాయింట్' అంటారు. ఇది దూరానికి సరిగ్గా మధ్యలో ఉండదు. గాలి వెనక నుంచి తోస్తుంటే ముంబయి త్వరగా వస్తుంది కాబట్టి ఆ బిందువు మస్కట్ వైపు జరుగుతుంది. సముద్రం మీద ఇంజిన్‌లో లోపం వస్తే పైలట్ కూర్చుని ఆలోచించాల్సిన పనిలేదు. బిందువు దాటామా లేదా అన్నది చూస్తే సగం జవాబు దొరికినట్లే.

దూరం ఇంకా పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా బోయింగ్ 777 విమానం ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 14 వేల కిలోమీటర్లు ప్రయాణించి 11న తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే: కెప్టెన్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్.

అలాంటి దారిలో ఇంధనం ఎంత ఉందన్నదే కాదు, ఎంత చల్లగా ఉందన్నదీ చూడాలి. బయట మైనస్ 55, మైనస్ 60 డిగ్రీలు ఉంటుంది. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 దగ్గర, అమెరికాలో ఎక్కువగా వాడే జెట్ ఏ మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. రెక్కల్లోని ఇంధనం ఆ అంకెకు దగ్గరవుతుంటే పైలట్లు కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. అత్యవసరంగా దిగాల్సి వస్తే చలిలో వందలమందికి నీడ, తిండి ఇవ్వగల విమానాశ్రయం ఏదన్నదీ ముందే చూసుకోవాలి.

విమానంలో ఒకరికి గుండెనొప్పి వస్తే?

ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్లు ఉండదు. 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి తేడా తెలియదు. గుండె జబ్బు, తీవ్ర రక్తహీనత, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారికి, ఈమధ్యే ఆపరేషన్ అయినవారికి తెలుస్తుంది.

ఎవరైనా కుప్పకూలితే సిబ్బంది ముందు విమానంలో డాక్టర్ ఉన్నారా అని అడుగుతారు. చాలా ఎయిర్‌లైన్స్‌కు నేల మీది వైద్యులతో మాట్లాడే ఏర్పాటూ ఉంటుంది. వారి సలహా విన్నాక నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే. దగ్గర్లో ఏ విమానాశ్రయం ఉంది, అక్కడ రన్‌వే సరిపోతుందా, ఆసుపత్రి ఎంత దూరం, అక్కడి నుంచి మళ్లీ బయలుదేరగలమా అన్నవి చూస్తారు. ప్రాణం మీదికొస్తే సరిహద్దులు పక్కకు వెళ్తాయి. 2021 మార్చి 2న షార్జా నుంచి లఖ్‌నవూ వస్తున్న ఇండిగో విమానం ప్రయాణికుడి కోసం కరాచీలో దిగింది. దురదృష్టవశాత్తూ ఆయన ప్రాణం దక్కలేదు.

ఇంకో చిక్కు ఉంది. బయలుదేరిన కాసేపటికే దిగాల్సి వస్తే విమానం ఇంకా బరువుగా ఉంటుంది. పెద్ద విమానాలు కొన్ని గాల్లోనే ఇంధనాన్ని వదిలేయగలవు. ఏ320, బోయింగ్ 737లకు ఆ సౌకర్యం లేదు. తొందర లేకపోతే గాల్లో చక్కర్లు కొట్టి ఇంధనం కాలుస్తాయి, ప్రాణాపాయమైతే బరువుగానే దిగి తర్వాత తనిఖీ చేయించుకుంటాయి. విమానం ఊరి మీద గుండ్రంగా తిరుగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే, లేదా దిగడానికి వరసలో ఉండటం.

'పైలట్ డ్యూటీ అయిపోయింది' అనడం సాకా?

కాదు. ప్రయాణికులకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించే మాట ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

దుబాయ్, మస్కట్ లాంటి దగ్గరి రూట్లలో చాలాసార్లు ఒకే జంట పైలట్లు ఇక్కడి నుంచి వెళ్లి, గంటా గంటన్నర ఆగి, అదే విమానంలో తిరిగొస్తారు. దుబాయ్‌కి రానూపోనూ దాదాపు ఏడున్నర, ఎనిమిది గంటల ప్రయాణం. డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించిన కొత్త నిబంధనల ప్రకారం అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 మధ్యకు వచ్చే డ్యూటీలో ప్రయాణ సమయం 8 గంటలకు, మొత్తం డ్యూటీ 10 గంటలకు, ల్యాండింగ్‌లు రెండింటికి మించకూడదు. వారాంతపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు.

ఇప్పుడు లెక్క చూడండి. రాత్రి విమానం దుబాయ్‌లోనే రెండు గంటలు ఆలస్యమైంది. శంషాబాద్‌పై వానతో బెంగళూరులో దిగింది. అది రెండో ల్యాండింగ్. పది గంటల గడువూ దగ్గరపడింది. వాన తగ్గాక హైదరాబాద్ గంట ప్రయాణమే అయినా ఆ పైలట్లు మామూలుగా ఎక్కకూడదు. అనుకోని పరిస్థితుల్లో డ్యూటీని కొంత పొడిగించే వీలున్నా దానికీ హద్దులున్నాయి, పైలట్ తాను అలసిపోలేదని నమ్మితేనే అది కుదురుతుంది. లేకపోతే కొత్త సిబ్బంది రావాలి. విదేశీ ఎయిర్‌లైన్స్ తమ దేశ నిబంధనలు పాటిస్తాయి, అంకెలు మారినా సూత్రం ఇదే.

ఈ నిబంధనల బలం 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. రెండో విడత నిబంధనలు నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. చివరకు డీజీసీఏ ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. తప్పు విశ్రాంతి ఇవ్వాలన్న నిబంధనది కాదు. తెల్లవారుజామున నాలుగింటికి శరీరం నిద్ర కోరుకునే వేళ 180 మందిని నేల మీద దించాల్సిన మనిషికి ఆ విశ్రాంతి ఉండాల్సిందే.

అమెరికా, యూరప్ దూరాలకు ఇద్దరు చాలరు. ముగ్గురు లేదా నలుగురు పైలట్లు ఎక్కి వంతులవారీగా పడుకుంటారు. ఇద్దరు పైలట్లూ ఒకే భోజనం తినకూడదనే పద్ధతి చాలా ఎయిర్‌లైన్స్‌లో ఉంది. ఆహారం వికటిస్తే ఒకరైనా బాగుండాలి కదా!

శంషాబాద్ దాకా వచ్చి ఎందుకు దిగరు?

ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుముల వానలు, వానాకాలంలో కుండపోత, డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు. ఉరుముల మేఘం కింద గాలి ఒక్కసారిగా దిశ మారుతుంది, అది ల్యాండింగ్‌కు ప్రమాదం. కాబట్టి గాల్లో ఆగి చూస్తారు. అరగంట ఆగితే టన్ను ఇంధనం పోతుంది. బెంగళూరు వెళ్లడానికి కావాల్సిన ఇంధనం, దానిపైన ఆ 30 నిమిషాల నిల్వ మాత్రమే మిగిలిన క్షణంలో పైలట్ దారి మళ్లించాల్సిందే. ఇంకో పది నిమిషాల్లో వాన తగ్గేదేమో అని మనకు కింద నుంచి అనిపిస్తుంది. పైన ఉన్నవారికి ఆ పది నిమిషాలు ఉండవు.

ఆలస్యమైతే మీకు ఏం రావాలి?

మనదేశంలో డీజీసీఏ నిబంధనలు ఇవీ:

• ప్రయాణ సమయం రెండున్నర నుంచి అయిదు గంటలుండే రూట్లలో (ఉదాహరణకు దుబాయ్) 3 గంటలు, అంతకంటే దూరమైతే 4 గంటలు ఆలస్యమయ్యేలా ఉంటే భోజనం, అల్పాహారం ఇవ్వాలి.

• 24 గంటలకు మించి ఆలస్యమైనా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనా హోటల్ వసతి కల్పించాలి.

• ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, రెండు గంటలు దాటిన ప్రయాణానికి రూ.10,000 లేదా మూల ఛార్జీతో పాటు ఇంధన ఛార్జీ, ఏది తక్కువైతే అది పరిహారం.

• వాతావరణం, యుద్ధం, గగనతలం మూత లాంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకు నగదు పరిహారం రాదు. అందుకే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.

• బ్యాగు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో పగిలిన బ్యాగుపై 7 రోజుల్లో, ఆలస్యంగా అందిన బ్యాగుపై 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్లే లెక్క.

• ఎయిర్‌లైన్ స్పందించకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ 'ఎయిర్ సేవ' యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బోర్డింగ్ పాస్, బ్యాగ్ ట్యాగ్ పారేయకండి.

ఇంటి నుంచి కదిలే ముందు

జగిత్యాల నుంచి శంషాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. టికెట్ మీది టైమ్ చూసి బయలుదేరకండి. ఫ్లైట్ నంబరుతో వెతికి, అక్కడ విమానం నిజంగా గాల్లోకి లేచిందో లేదో చూసుకోండి. దుబాయ్‌లో లేచాక కూడా మీకు నాలుగు గంటల సమయం ఉంటుంది.

విమానం వేరే ఊళ్లో దిగితే ప్రయాణికులను సాధారణంగా లోపలే కూర్చోబెడతారు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు ఉంటాయి కాబట్టి 'ఇక్కడే దిగి బస్సులో పోతా' అంటే కుదరకపోవచ్చు. గల్ఫ్ సిమ్‌కు రోమింగ్ లేకపోతే ఫోన్ కలవదు. కలవలేదని కంగారు పడకండి, పక్కవారి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టమని ముందే చెప్పి ఉంచండి.

బీపీ, షుగర్, గుండె మందులు చేతి సంచిలోనే పెట్టుకోమనండి. జబ్బును దాచి విమానం ఎక్కడం మంచిది కాదు. టికెట్ పోతుందని భయపడకుండా ముందే చెబితే ఎయిర్‌లైన్ మెడికల్ ఫామ్ ఇస్తుంది, వీల్‌చైర్, ఆక్సిజన్ లాంటివి ఏర్పాటు చేయడానికి వీలవుతుంది.

సెలవుపై వచ్చి తిరిగి వెళ్లేవారికి ఒక మాట. యూఏఈ రెసిడెన్స్ వీసా ఉన్నవారు ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే సాధారణంగా ఆ వీసా చెల్లదు. గడువు చివరి రోజుకు టికెట్ తీసుకుంటే, ఒక్క ఉరుముల వాన ఉద్యోగానికే ఎసరు పెట్టొచ్చు. కనీసం వారం ముందుగా బయలుదేరేలా చూసుకోండి. పైలట్ కూడా తన ట్యాంకులో ముట్టుకోకూడని అరగంటను దాచుకునే గాల్లోకి లేస్తాడు. మీ ప్రయాణంలోనూ అలాంటి కొన్ని రోజులు మిగుల్చుకోండి.